కంచె బయట నిలబడ్డ పిల్ల ఏ సూచికలోకి వస్తుంది?

"యుద్ధం నడుస్తున్న దేశంలో బాలల రక్షణ కార్యక్రమం పనిచేసిందో లేదో ఎలా తేలుస్తారు, ఏ సూచికలు వాడతారు?" అని అడిగారు. సూచికల సంగతి చివర్లో చెబుతాను. చెప్పడం మరిచిపోయినా మీకు పెద్ద నష్టం లేదు. ఈ పని నేను ఒకే ఒక్కసారి చేశాను, 2016 మార్చిలో, దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో. నలుగురున్న బృందంలో లెక్కలు చూసే మనిషిని. హైదరాబాద్‌లో పదేళ్లు సర్వేలు చేశానని తీసుకున్నారు కానీ, విమానం ఎక్కేనాటికి ఆ దేశం గురించి నాకు తెలిసింది శూన్యం.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ దేశం 2011 జూలై 9న పుట్టింది. రెండున్నరేళ్లు తిరగకుండానే, 2013 డిసెంబరు 15న, రాజధానిలోనే కాల్పులు మొదలయ్యాయి. అధ్యక్షుడు సల్వా కీర్‌ది డింకా తెగ. ఆయన పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌ది నుయేర్ తెగ. నాయకుల తగవు వీధుల్లోకి వచ్చేసరికి నుయేర్ కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని ఐక్యరాజ్యసమితి స్థావరాల వైపు పరుగెత్తాయి. గేట్లు తెరిచారు. నాలుగు రోజులు తలదాచుకుని వెళ్తారనుకున్న వాళ్లు నేను వెళ్లేనాటికి మూడో ఏడు గడుపుతున్నారు. జుబాలో జెబెల్ కొండ దగ్గరి ఒక్క శిబిరంలోనే పాతిక వేలకు పైగా జనం. మేం చూడాల్సిన కార్యక్రమంలో పిల్లల కోసం వేసిన ఆటల డేరాలు ఉన్నాయి, తల్లిదండ్రుల నుంచి తప్పిపోయిన పిల్లలను వెతికి కలిపే పని ఉంది. మొదటిది నా వాటా.

అసలు ముందు ఆ దేశం ఉత్తరాన ఉన్న మలకాల్ ఊరికి కూడా వెళ్లాలి. ఫిబ్రవరిలో అక్కడి శిబిరం మీద దాడి జరిగింది, మనుషులు చచ్చిపోయారు, శిబిరంలో పెద్ద భాగం తగలబడింది. దాంతో "భద్రతా కారణాల వల్ల" మలకాల్‌ను నమూనాలోంచి తీసేశారు. తీసేయక చేసేది లేదు, నిజమే. అయితే ఇలాంటి దేశాల్లో పిల్లలకు ఎక్కడ ఎక్కువ ప్రమాదమో ఆ ఊళ్లే నమూనాలోంచి జారిపోతుంటాయి. మీరు చదివే ప్రతి నివేదికా ఉన్నదానికన్నా కాస్త మెరుగ్గా కనిపించడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక డేరా. తెల్లటి టార్పాలిన్, చుట్టూ వెదురు కంచె, లోపల తాడాటలు, బంతి, రంగు పెన్సిళ్లు, పాటలు. నిర్వాహకుడు పాతికేళ్ల కుర్రాడు. శిబిరంలోనే ఉంటాడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. అడగకముందే హాజరు రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టాడు. తెరిచి చూడగానే నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

ఎందుకంటే మా అమ్మ ఒంగోలు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్త. ఏ రోజుకారోజు రాసిన రిజిస్టర్ ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకరోజు నీలం, ఒకరోజు నలుపు, మధ్యలో ఒక పేజీకి పప్పు మరక, చెమట చేతికి చెదిరిన అంకె. సూపర్‌వైజర్ రేపు వస్తున్నారని కబురొచ్చిన రాత్రి రాసిన రిజిస్టర్ ఎలా ఉంటుందో కూడా తెలుసు, లాంతరు పట్టుకున్నది నేనే కాబట్టి. టిక్కులన్నీ ఒకే కలంతో ఉంటాయి. పేజీ మొదట్లో నిటారుగా ఉన్నవి, చెయ్యి నొప్పి పుట్టేకొద్దీ కుడివైపుకు వాలిపోతూ అడుగుకొచ్చేసరికి పడుకుంటాయి. జుబా రిజిస్టర్లో ఫిబ్రవరి నెల టిక్కులు సరిగ్గా అలాగే పడుకున్నాయి. గాలికి డేరా చిరిగి మూసేశామని వాళ్లే చెప్పిన మూడు రోజులకు కూడా హాజరు నిండుగా ఉంది.

ఆ కుర్రాణ్ని దొంగ అని అనుకోకండి. అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఎండలో పిల్లలతోనే ఉండటం నేను చూశాను. పైనుంచి ప్రతి నెలా అడిగేది ఒకటే, "ఎంతమంది పిల్లలకు చేరారు?" అని. అంకె తగ్గితే వచ్చే ఏడు డబ్బు తగ్గుతుందని అతని భయం. పైగా ఒకే పిల్లవాడు జనవరిలో వస్తే ఒకటి, ఫిబ్రవరిలో వస్తే ఇంకొకటి. అలా కూడుకుంటూ పోతే ఆ బ్లాకులో ఉన్న మొత్తం పిల్లలకన్నా లబ్ధి పొందిన పిల్లలు ఎక్కువయ్యారు! ఈ లెక్క జుబాలోనే కాదు, మన దగ్గర కూడా బోలెడన్ని పథకాల్లో చూశాను. అడగబోతే "డేటా అలాగే వచ్చింది మేడం" అంటారు.

ప్రశ్నావళి ముచ్చట కూడా చెప్పాలి. ఎక్కడో చల్లని ఊళ్లో కూర్చుని తయారుచేసినది. ఐదు ముఖాల బొమ్మలు చూపించి, "ఈ వారం నీ మనసు ఏ ముఖంలా ఉంది?" అని పిల్లల్ని అడగాలి. దుబాసీ ఆ ఒక్క ప్రశ్నను నుయేర్‌లో రెండు నిమిషాలు వివరించేది, పిల్లవాడు ఠక్కున నవ్వే ముఖం మీద వేలు పెట్టేవాడు. ఇరవై మందిలో పదిహేడుగురు అదే. వాళ్లలో ఒకణ్ని ఎందుకని అడిగితే, "అది బాగుంది" అన్నాడు. బొమ్మ బాగుందట! ఆ అంకెలనే నేను తర్వాత పట్టికలో "మానసిక శ్రేయస్సు" అనే శీర్షిక కింద వేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజు దుబాసీ రావడం ఆలస్యమైంది. చేసే పని లేక కంచె బయట నీడలో నిలబడ్డాను. పక్కనే ఒక పిల్ల, పదేళ్లుంటాయేమో. చంకలో ఏడాది నిండని తమ్ముడు, కాళ్ల దగ్గర పసుపు రంగు నీళ్ల క్యాను, ఖాళీది. వెదురు సందులోంచి లోపలి ఆట చూస్తోంది. లోపల వాళ్లు చప్పట్లు కొడితే ఇక్కడ తమ్ముడి అరచేతులు పట్టుకుని చప్పట్లు కొట్టిస్తోంది. నాకు వచ్చిన ఒక్క నుయేర్ మాట "మాలే". అదే అన్నాను. తనూ అంది, కానీ కళ్లు కంచె మీదే.

దుబాసీ వచ్చాక అడిగించాను. రోజూ వస్తుందట. లోపలికి వెళ్లదట, పసిపిల్లలను రానివ్వరని. తమ్ముణ్ని దించితే ఏడుస్తాడు, అమ్మ కట్టెల కోసం వెళ్లింది, కుళాయి దగ్గర వరుస కదిలే దాకా ఇక్కడ నిలబడుతుంది, వరుస కదలగానే పరుగెత్తుతుంది. ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు, దారి అడిగిన వాళ్లకు చెప్పినట్టు చెప్పింది. ఆ గంటలో నేను లెక్కపెడితే అలాంటి ఆడపిల్లలు పదకొండు మంది వచ్చి పోయారు. ఒక్కరి పేరు కూడా రిజిస్టర్లో లేదు. పడుకున్న టిక్కుల్లో కూడా లేదు.

ఇక్కడ నా పాత కోపం ఒకటి. యుద్ధంలో పిల్లలు అనగానే లోకానికి గుర్తొచ్చేది తుపాకి పట్టుకున్న కుర్రాడే. 2015లో ఆ దేశంలోనే పిబోర్ ప్రాంతంలో ఒక సాయుధ వర్గం 1,755 మంది పిల్లలను వదిలింది. అది గొప్ప విషయమే, కాదనను. కానీ తుపాకి పట్టని వాళ్ల మాటేమిటి? వంట చేసిన వాళ్లు, బరువులు మోసిన వాళ్లు, సైనికులకు అప్పజెప్పిన ఆడపిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారని సాయుధ వర్గాల్లోని పిల్లల గురించి రాసుకున్న 2007 నాటి పారిస్ సూత్రాలు తేటగా చెప్పాయి. 2018లో ఆ దేశంలోనే యాంబియో ఊళ్లో విడుదలైన 300 మందికి పైగా పిల్లల్లో 87 మంది ఆడపిల్లలని విన్నప్పుడు, ఇన్నాళ్లూ వీళ్లను ఎవరూ అడగలేదన్నమాట అనుకున్నాను. ఇక ఏ సైన్యంలోనూ లేకుండా నీళ్ల వరుసలో నిలబడ్డ పిల్ల ఏ జాబితాలోకీ రాదు.

నివేదికలో కంచె సంగతి రెండు పేజీలు రాశాను. బృంద నాయకుడు మర్యాదగానే మాట్లాడాడు. "ఇది ఒక గంట చూసింది మాత్రమే, ఆధారంగా నిలవదు" అన్నాడు. ముఖాల బొమ్మలు మాత్రం నిలిచాయి, వాటికి శాతాలు ఉన్నాయి కాబట్టి. నా రెండు పేజీలు చివరికి అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యమయ్యాయి: "ఇంటి బాధ్యతల వల్ల కొందరు పిల్లలు హాజరు కాలేకపోయారు."

ఆగస్టులో మళ్లీ వెళ్లి అవే కుటుంబాలను కలవాలని ఒప్పందం. జూలై 8న జుబాలో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి, ఆ శిబిరం పక్కదాకా వచ్చాయి. మన ప్రభుత్వం సంకట్ మోచన్ పేరుతో విమానాలు పంపి 150 మందికి పైగా తీసుకొచ్చింది. నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. రెండో విడత జరగలేదు. అయినా మొదటి విడత నివేదికను "మూల్యాంకనం పూర్తి" అని అచ్చువేశారు.

ఇప్పుడు మీ సూచికలు. ఆటల డేరాల మీద జరిగిన వాటిలో నాకు నచ్చినది ఉగాండాలోని ర్వామ్వాంజా కాంగో శరణార్థుల శిబిరంలో చేసిన అధ్యయనం. డేరాకు వచ్చిన పిల్లలు మొదట్లో రాని వాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారు, ఏడాదిన్నర తర్వాత చూస్తే తేడా మిగల్లేదు. మూడు నెలలకే సంబరపడి వెళ్లిపోయి ఉంటే ఈ రెండో సంగతి ఎవరికీ తెలిసేది కాదు. కాబట్టి మళ్లీ వెళ్లడానికి డబ్బు ముందే పక్కన పెట్టించండి. రాని పిల్లల ఇళ్లకు వెళ్లండి. పిల్ల తన మీద జరిగిన హింస గురించి చెబితే ఆ సాయంత్రమే ఎవరికి అప్పగించాలో తెలియకపోతే ఆ ప్రశ్న అడగనే వద్దు. పుండు విప్పి వదిలేసి వచ్చే హక్కు సర్వే వాళ్లకు లేదు. మిగతా సూచికలు మీకు నిధులిచ్చే వాళ్లే పంపుతారు, భయపడకండి, చాలానే పంపుతారు.

ఒకటి మరిచాను. ఏప్రిల్‌లో, మా నివేదిక ఇంకా చిత్తుప్రతిలో ఉండగానే, ఆ నిర్వాహకుడి నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. కంచె లోపల ఒక మూల చాప పరిచాడట, ఇద్దరు ముసలమ్మలు పసివాళ్లను చూస్తున్నారట, ఆట సమయం కుళాయి వరుస అయ్యాక మార్చాడట. ఎవరూ చెప్పలేదు, ఆ రోజు నా పక్కన నిలబడి అతనూ చూశాడు, అంతే. చివర్లో ఒక సందేహం రాశాడు. "మేడం, చాప మీద పసివాళ్లకు రిజిస్టర్లో గడి లేదు. ఎక్కడ రాయమంటారు?"

వెనక అట్ట మీద రాయమన్నాను.