ఆ గడప ఎవరు కట్టారో ముందు చెప్పు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. వాక్యం బాగుంది, కొండ మీద అఖండదీపం కాచే అమ్మాయి బాగుంది, సముద్రం అడుగున ముత్యాలు ఏరే ఆ కుర్రవాడు మరీ బాగున్నాడు. బాగుండనిది ఒక్కటే. వాళ్లిద్దరూ ఎందుకు కలవకూడదో నాకు అర్థం కాలేదు. "కొండవారికీ కడలివారికీ తరతరాల పగ" అని రెండో పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశావు. పగ ఉంటే ఉండనీ. దాన్ని లెక్కచేయని ఇద్దరు పిల్లలు ఒక రాత్రి పడవెక్కి పారిపోతే నీ నవల అక్కడితో సరి. ఆ సంగతి నీకూ లోలోపల తెలుసు. అందుకే అధ్యాయానికో అడ్డంకి తెచ్చిపెట్టావు. ఒకచోట శంఖం మోగింది, ఒకచోట తుపాను వచ్చింది, ఇంకోచోట చెల్లెలు తలుపు తట్టింది.

వారపత్రికలకు ధారావాహికలు రాసిన దాన్ని. పాఠకులను వారం వారం గుమ్మంలో నిలబెట్టే విద్య నాకు తెలియనిది కాదు. కానీ అది ఆపడం మాత్రమే. ప్రేమ నిదానంగా రాజుకోవడం వేరు. తలుపు చప్పుడుకు విడిపోయిన చేతులు ఆ చప్పుడు ఆగగానే మళ్లీ కలుస్తాయి. ఎవరూ తట్టకుండా, తమంతట తామే వెనక్కి తీసుకున్న చేతులున్నాయే, చదివేవాళ్లు నిద్ర మానుకునేది వాటి కోసం.

కాబట్టి ముందు నిషేధం సంగతి చూడు. ఎవరు పెట్టారు, దేన్ని కాపాడటానికి పెట్టారు, తప్పితే ఎవరి కొంప మునుగుతుంది? అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇద్దరూ దాన్ని మనసారా నమ్మాలి. ఏప్రిల్ 15కూ జూన్ 14కూ మధ్య ఒకసారి మన ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చూడు. ఆ 61 రోజులూ మరపడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన కట్టడి. పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వల బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషికి చేతిలో డబ్బు ఆడదు, ఎదురుగా సముద్రం ఊరికే ఉండదు. ఆ కట్టడిని తిట్టేదీ ఆయనే, ఇప్పుడు పట్టేస్తే రేపు ఏం పడతామని అనేదీ ఆయనే. నీ దీపం కాచే అమ్మాయిలో నాకు ఆ కోపమూ ఆ ఒప్పుకోలూ రెండూ కనిపించాలి.

దీనికి మన పాత కథల్లో కచ దేవయానుల కథను మించింది లేదు. ఆదిపర్వంలో ఉంది. నన్నయ దగ్గరే చదువు, ఎవరో క్లుప్తంగా చెప్పింది కాదు. మృతసంజీవని విద్య కోసం దేవతల పక్షాన కచుడు రాక్షసగురువు శుక్రుడి ఇంటికి శిష్యుడిగా వచ్చాడు. గురువు కూతురు అతని మీద మనసు పడింది. రాక్షసులు అతన్ని చంపితే, ఆమె కన్నీళ్లు చూడలేక తండ్రి బతికించాడు. చివరికి వాళ్లు అతన్ని కాల్చి, ఆ బూడిద సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. కడుపులో ఉన్నవాడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకని లోపల ఉన్నవాడికే విద్య ఉపదేశించాడు. కచుడు బయటికి వచ్చి, ప్రాణం పోయిన గురువును ఆ విద్యతోనే లేపాడు. తరువాత దేవయాని పెళ్లాడమంటే అతను ఏమన్నాడు? నీ తండ్రి కడుపులో నుంచి వచ్చినవాడిని, నీకు తోబుట్టువును అన్నాడు. అతన్ని బతికించమని ఆమె పట్టిన పట్టే అతన్ని ఆమెకు కాకుండా చేసింది! ఆ రెండు పక్షాల మధ్య యుద్ధాలు జరుగుతూనే ఉన్నాయి, అయినా అడ్డుపడింది ఆ వైరం కాదు. ఆ లోకంలో విద్య పనిచేసే తీరే అడ్డుపడింది.

నీ దీపానికీ అలాంటి తీరు ఒకటి కల్పించు. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపస్తంభాన్ని చూస్తూ పెరిగినదానివి, ఇది నీకు కష్టం కాదు. కొండ మీద దీపం వెలిగినంతసేపే అడుగుకు మునిగినవాళ్లకు పైకి వచ్చే దారి కనిపిస్తుందనుకో. కాచే మనిషి మనసు ఒక్కరి మీద నిలిచిందా, వెలుగంతా ఆ ఒక్కరి వైపే వంగుతుంది. మిగిలినవాళ్లు చీకట్లో పడతారు. ఇప్పుడు ఆమె ప్రేమ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరోజు అతనికి దారి పట్టపగల్లా కనిపిస్తుంది. సంబరంగా పైకి వస్తాడు. వచ్చాక చూస్తే, తనతో దిగినవాళ్లలో ఒకడు రాలేదు. ఆ సాయంత్రం అతను కొండ వైపు తలెత్తి చూడడు. నీ కథ అసలు మొదలయ్యేది అక్కడ, రెండో పేజీలోని పగ దగ్గర కాదు.

దీపాలయం పెద్దమ్మగారిని అంత దుర్మార్గురాలిని చేయవద్దు. ఆమె మాటలో న్యాయం ఉండాలి. చదివేవాళ్లకు ఆమె మీద కోపం రాకపోతేనే నీ ఇద్దరి బాధ నిలుస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు ఎవరినో కోల్పోయిందని చెప్పే ఏడో అధ్యాయం మాత్రం కొట్టేయి, అది ఎవరికైనా తట్టేదే.

ఇక లోకం. నీ రాజ్యంలో మంచు కురుస్తోంది, దేవదారు వనాలున్నాయి, రాతికోట చుట్టూ కందకం ఉంది. లంబసింగి చలికి రెండు శాలువాలు కప్పుకున్న పిల్లవు, నీకెందుకమ్మా ఆ మంచు? నీకు తెలిసింది ఉప్పుగాలి. కిటికీ ఊచలు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలడం, డబ్బాలో ఉప్పు నీరుకారడం, మధ్యాహ్నం మూడింటికి గాలి స్తంభిస్తే చొక్కా వీపుకు అంటుకోవడం. ఇవి రాస్తే నీ రాజ్యాన్ని నేను నమ్ముతాను. వాళ్లు దొంగచాటుగా కలుసుకునే చోటు కావాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో ఒక పూట తిరిగిరా. వాన కోసేసిన ఆ సందుల్లో నాలుగు అడుగులు వేస్తే పక్కనే ఉన్న సముద్రం కనిపించదు. రాజవంశాల పట్టిక నాలుగు పేజీలూ నీ దగ్గరే ఉంచుకో. అది రాసేవాళ్లకు కావాలి, చదివేవాళ్లకు అక్కరలేదు.

కాలాన్ని కూడా ఆ లోకంలో భాగం చేయి. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కనాడే. స్వామిని ప్రేమకథలోకి లాగమనడం లేదు, లెంపలు వేసుకునే చెబుతున్నాను. కానీ ఆ ఒక్కరోజు కోసం తెల్లవారకముందే వరసలో నిలబడే జనాన్ని చూసినదానివి, ఎదురుచూపు గురించి నీకు వేరే చెప్పాలా? నీ రాజ్యంలోనూ ఏడాదికి ఒక పూట దీపం కొండెక్కించి ప్రమిద కడిగే ఆచారం పెట్టు. ఆ పూట ఎవరూ నీళ్లలోకి దిగరు. ఆమె మనసు ఎటు పోయినా ఎవరికీ ముప్పు లేదు. అప్పుడు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారు? నన్నడిగితే, మొదటి ఏడాది ముత్యాల ధర గురించి మాట్లాడుకుంటారు.

దగ్గరితనం ఒక్కో మెట్టూ ఎక్కాలి, ఎక్కిన మెట్టు మళ్లీ ఎక్కకూడదు. మన ఇళ్లలో ఉప్పు చేతికి ఇవ్వరు కదా, తగవులు వస్తాయని. దాన్ని వాడుకో. దీపాలయానికి ఉప్పు తెచ్చే వంతు అతనిదని పెట్టు. మొదట్లో మూట గడప మీద పెట్టి పది అడుగులు వెనక్కి వెళితేగాని ఆమె ముట్టదు. కొన్నాళ్లకు అతను వంగి లేచేలోపే తీసేసుకుంటుంది. మరి కొన్నాళ్లకు అతను మూట కింద పెట్టడం మరిచిపోతాడు, ఆమె చెయ్యి చాచదు, అలాగని వెళ్లిపోనూ వెళ్లదు. మూట అడుగున తడిసిన గుడ్డలో నుంచి ఉప్పునీరు బొట్టు బొట్టుగా గడప మీద పడుతుంటుంది. అక్కడ అధ్యాయం ఆపు. ఒక్క ఉపమానం కూడా వేయకు.

"మీరు" నుంచి "నువ్వు"లోకి దిగడం కూడా మెట్టే. నీ ఆరో అధ్యాయంలో ఏ కారణమూ లేకుండా దిగిపోయారు. ఎవరు ముందు అనాలి, అన్నాక నాలుక కరుచుకోవాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించు. తెలుగులో రాసేవాళ్లకు దొరికిన వరమది. ఇంకొకటి, ఇద్దరిలో ఒకరి తిండీ బట్టా మరొకరి చేతిలో ఉంటే "ఊ" అన్న మాటకు విలువ ఉండదు. అతన్ని దీపాలయం సేవకుడిని చేసిన ఆ నాలుగు పేరాలూ మార్చు.

తొమ్మిదో అధ్యాయంలోని ముద్దు పప్పు ఉడకకముందే వేసిన తాలింపు. పారేయకు, తీసి పక్కన పెట్టు. పద్దెనిమిదో దానికి పనికొస్తుంది.

రాతప్రతి మీద ఎర్రసిరాతో గీతలు పెట్టి కొరియర్లో పంపిస్తున్నాను. మూడో అధ్యాయం నుంచి తిరగరాసి, దీపావళికి వచ్చేటప్పుడు పట్టుకురా. మీ నాన్న అడిగితే ప్రేమకథ అనే చెప్పు, భయపడకు. నా ధారావాహికలు పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివినవాడే వాడు.

ఆశీస్సులతో,
అత్త