పాత స్ప్లెండర్‌లో హెడ్‌లైట్ బల్బులు మాటిమాటికీ పోతుంటే ముందు ఏం చూడాలి?

తమ్ముడూ, ఉలవపాడు నుంచి నువ్వు అడిగింది ఇదీ: మీ నాన్నగారి 2003 నాటి కిక్ స్ప్లెండర్ మీద రాత్రిళ్లు రొయ్యల గుంటలకి వెళ్తున్నావు. కొత్త బల్బు వేసిన కొన్నాళ్లకే పోతోంది, స్లోలో ఉన్నప్పుడు లైటు గుడ్డిగా ఉంటోంది, ఎడమ ఇండికేటర్లు వెలగడం లేదు. మెకానిక్ వైరింగ్ కిట్టూ కాయిల్ ప్లేటూ రెండూ మార్చాలంటున్నాడు. మార్చాలా అని.

ఇప్పుడే మార్చకు. ముందు ఎర్త్, అంటే కరెంటు తిరిగి బండి బాడీకి చేరే దారి, చూడు. మాది కొత్తపట్నం వైపు. మా ఇంట్లో కూడా ఇదే బండి, ఇదే జబ్బు. కాయిల్ మార్చారు, రెగ్యులేటర్ మార్చారు, అయినా సింగరాయకొండ దాటి హైవే మీద కాస్త వేగం అందుకుంటే చాలు, బల్బు పోయేది. చివరికి దొరికింది రెగ్యులేటర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింట్) లోపల పచ్చ వైరు. పైకి తొడుగు నున్నగా ఉంది, లోపల రాగి మొత్తం చిలుము పట్టి పొడిపొడిగా రాలిపోయింది. సముద్రం పక్కన ఉప్పుగాలికి, గుంటల దగ్గర తడికి మన బండ్లలో ముందు పాడయ్యేది ఈ జాయింట్లే.

ఎందుకలా అవుతుందో తెలిస్తే వెతకడం తేలిక. ఈ బండిలో హెడ్‌లైట్‌కి బ్యాటరీతో పనిలేదు. ఇంజిన్ తిరుగుతుంటే మ్యాగ్నెట్ కాయిల్‌లో పుట్టే ఏసీ కరెంటే నేరుగా లైటుకి వెళ్తుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. ఇంజిన్ రేసు పెరిగేకొద్దీ కాయిల్ ఇచ్చే వోల్టేజీ పెరుగుతూ పోతుంది. దాన్ని అదుపు చేసేది నాలుగు వైర్లున్న చిన్న అల్యూమినియం పెట్టె, అదే రెగ్యులేటర్. తెలుపు ఛార్జింగ్‌కి, పసుపు లైట్లకి, ఎరుపు బ్యాటరీకి, పచ్చ ఎర్త్‌కి. పసుపులో ఎక్కువైన కరెంటును అది పచ్చ వైరు ద్వారా దించేస్తుంది. ఆ పచ్చ వైరే తెగితే రెగ్యులేటర్ ఎంత కొత్తదైనా చేయగలిగింది లేదు, ఆ వోల్టేజీ అంతా ఫిలమెంట్, అంటే బల్బు లోపలి సన్న తీగ, మీద పడుతుంది.

పోయిన బల్బు పారేయకుండా వెలుతురులో పెట్టి చూడు. గాజు లోపల నల్లగా, మసి పట్టినట్టుంటే వోల్టేజీ ఎక్కువైందనుకోవచ్చు. గాజు శుభ్రంగా ఉండి ఫిలమెంట్ మాత్రం తెగి వేలాడుతుంటే అదురుకి పోయినట్టు, అంటే డూమ్ (హెడ్‌లైట్ డొప్ప) బోల్టులు గానీ బల్బు హోల్డర్ గానీ వదులుగా ఉన్నాయి. లోపల తెల్లగా పాలలా మారితే గాజుకి పగులు పడి గాలి దూరింది. ఇంకోటి, హాలోజన్ బల్బు గాజును వేళ్లతో పట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. గుడ్డతో పట్టుకుని బిగించు.

ఇక అసలు పరీక్ష. ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కో, ఆ మెకానిక్ చెప్పిన కాయిల్ కన్నా చౌక. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్ వేసి, ఒక పిన్ను పసుపు వైరుకి, ఒకటి ఇంజిన్ బాడీకి ఆనించు. మెల్లగా రేసు పెంచు. పన్నెండు, పద్నాలుగు వోల్టుల దగ్గర్లో ఎక్కడో ఆగాలి. మీటరుని బట్టి అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు, ఆగుతుందా లేదా అన్నదే చూడు. ఆగకుండా ఇరవై దాటిపోతుంటే రెగ్యులేటర్ పనిచేయడం లేదు. వెంటనే రేసు తగ్గించెయ్, లేకపోతే ఇంకో బల్బు పోతుంది.

అప్పుడు కూడా కొత్త రెగ్యులేటర్ కొనకు. ఒక మంచి వైరు తీసుకుని, రెగ్యులేటర్ పచ్చ వైరు నుంచి నేరుగా ఇంజిన్ బోల్టుకి తాత్కాలికంగా కట్టు. వోల్టేజీ అదుపులోకి వచ్చిందా, రెగ్యులేటర్ బాగానే ఉంది, దారి పాడైంది. రాలేదా, అప్పుడు రెగ్యులేటర్ మార్చు. మీ మెకానిక్ పక్కనుంటే ఇది ఆయన ముందే చెయ్యి. మాట కన్నా మీటరు చూపిస్తే గొడవ ఉండదు.

కాయిల్ మీద అనుమానం తీరాలంటే ఇంజిన్ ఆపి, కప్లర్ ఊడదీసి, కాయిల్ వైపు పసుపు వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడు. ఒక ఓమ్‌కి అటూ ఇటూ వస్తే కాయిల్ తెగలేదు. అసలేమీ చూపించకపోతే తెగినట్టే, అప్పుడు మెకానిక్ మాట నిజం.

స్లోలో లైటు తగ్గడం ఈ బండికి కొంతవరకు మామూలే, రేసు తక్కువైతే కరెంటూ తక్కువే. అయితే మరీ గుడ్డిగా ఉంటే బల్బు మీద రాసింది చదువు. 35/35 వాట్లు ఉండాలి. వెలుగు ఎక్కువ వస్తుందని 60/55 వేసేవాళ్లున్నారు, అంత కరెంటు ఈ కాయిల్ ఇవ్వలేదు, పైగా హోల్డర్ కరిగిపోతుంది. చవక ఎల్‌ఈడీ బల్బు కూడా ఈ ఏసీ మీద మిణుకుమిణుకుమని కొన్నాళ్లకే పోతుంది. బల్బు సరిగ్గానే ఉంటే హోల్డర్ పచ్చ వైరుని ఇంకో వైరుతో బ్యాటరీ నెగటివ్‌కి కలిపి చూడు. లైటు పెరిగితే అక్కడా ఎర్తే.

హ్యాండిల్ రెండు వైపులా తిప్పుతూ కూడా గమనించు. తిప్పినప్పుడు లైటు ఆరి వెలిగితే మెడ దగ్గర వైర్లు నలిగి లోపల తెగుతున్నాయి. ఆ ఒక్క జానెడు ముక్క అతికించుకుంటే చాలు, కిట్ మొత్తం అక్కర్లేదు.

చిలుము పట్టిన చోట గీకి ఊరుకోవద్దు. రాగి మెరిసేదాకా వెనక్కి కోసి, కొత్త టెర్మినల్ పెట్టి, టంకం వేసి తొడుగు వెయ్యి. కప్లర్లలో కాస్త సిలికాన్ గ్రీజు, బ్యాటరీ టెర్మినల్స్‌కి వాసెలిన్ పూసి బిగించు. మనకి అక్టోబరు, నవంబరు వానలు గట్టిగా పడతాయి కాబట్టి ఈ పని సెప్టెంబరులోనే అయిపోవాలి. వాటర్ సర్వీసు చేయించేటప్పుడు డూమ్ మీదికీ స్విచ్‌ల మీదికీ ప్రెషర్ నీళ్లు కొట్టొద్దని చెప్పు.

ఎడమ ఇండికేటర్లకి ఫ్లాషర్ (ఇండికేటర్లు వెలిగి ఆరేలా చేసే చిన్న డబ్బా) మార్చనక్కర్లేదు. కుడివి వెలుగుతున్నాయంటే ఫ్లాషర్, బ్యాటరీ బాగున్నట్టే. ఎడమ వైపు రెండు బల్బులూ తీసి చూడు, వాటి హోల్డర్లలో తుప్పు గీకు. అవి బాగుంటే స్విచ్‌లో ఎడమ కాంటాక్టు, దాని నారింజ రంగు వైరు చూడు. అంతా చూశాక పసుపు వైరు దగ్గర మీటరు ఎంత చూపించిందో రాయి, అక్కడి నుంచి చూద్దాం.