వైట్ సాస్ పాస్తా తిన్న రాత్రల్లా కడుపు ఉబ్బరం... చీజ్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఆఫీసు టీమ్‌తో నెలకు రెండుమూడుసార్లు జూబ్లీహిల్స్ వైపు కాంటినెంటల్ రెస్టారెంట్లకు వెళ్తుంటాం. మష్రూమ్ సూప్, గార్లిక్ బ్రెడ్, వైట్ సాస్ పాస్తా, చివర్లో చీజ్‌కేక్, కాపుచినో తీసుకుంటాను. ఇంటికి చేరేసరికి కడుపు ఉబ్బి, గుడగుడలాడి, రెండుమూడు విరేచనాలు అవుతాయి. తెల్లారేసరికి మామూలే. నాతో తిన్నవాళ్లకు ఏమీ ఉండదు. ఇంట్లో రెండుపూటలా టీ, పెరుగన్నం, రాత్రి పుల్కాలు, దేనితోనూ ఇబ్బంది లేదు. బిర్యానీ కూడా హాయిగా అరుగుతుంది. ఏడాదిగా ఇదే తంతు. చీజ్ పడట్లేదని అమ్మ, గోధుమలో ఉండే గ్లూటెన్ అలర్జీ అని కొలీగ్ అంటున్నారు. బయటికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. ముందే గ్యాస్ మాత్ర వేసుకుని వెళ్లొచ్చా? దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట బిర్యానీ. అందులో నూనె, నెయ్యి తక్కువేమీ ఉండవు. వేయించిన ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్ద దండిగా పడతాయి. అది మీకు హాయిగా అరుగుతోందంటే కొవ్వు పడకపోవడం, ఉల్లి-వెల్లుల్లి పడకపోవడం అనే రెండు అనుమానాలూ చాలావరకు పక్కకు పోతాయి. రోజూ పుల్కాలు తింటున్నారు కాబట్టి గోధుమ మీద అనుమానమూ తగ్గుతుంది. ఇక మిగిలింది పాలు. మీకు లాక్టోజ్ సరిగా అరగకపోవడమే ఎక్కువ సంభావ్యం అని నా అభిప్రాయం.

పాలలోని చక్కెరను లాక్టోజ్ అంటాం. చిన్నపేగు గోడల్లో ఉండే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. పసితనంలో పుష్కలంగా ఉండే ఈ ఎంజైమ్ పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. మన దక్షిణాది వాళ్లలో ఇది మామూలు విషయం, జబ్బు అనక్కర్లేదు. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. లాక్టోజ్ తనతోపాటు నీటిని కూడా పేగులోకి లాగుతుంది. మీరు చెప్పిన ఉబ్బరం, గుడగుడ, నీళ్ల విరేచనాలు, అన్నీ అందువల్లే. సాధారణంగా తిన్న అరగంట నుంచి కొన్ని గంటల్లోపు మొదలై, ఆ సరుకు బయటికి పోగానే సర్దుకుంటుంది.

మరి ఇంట్లో టీ తాగితే ఎందుకు రాదు? ఇక్కడ లెక్కంతా మోతాదుది. 100 మి.లీ. పాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. కప్పు టీలో పడే పాలతో 3 నుంచి 5 గ్రాములకు మించదు. ఈ ఎంజైమ్ తక్కువున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలదాకా, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. పెరుగులో అయితే తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే ఖర్చుచేస్తుంది. మిగిలినదాన్ని కడుపులోకి వెళ్లాక అరిగించడానికీ సాయపడుతుంది. కాబట్టి పెరుగన్నం మానొద్దు.

రెస్టారెంట్లో ఏం జరుగుతోందో చూడండి. వైట్ సాస్ అంటే వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరచడమే. ఒక్క ప్లేటుకే గ్లాసు పాలకు దగ్గరగా పడొచ్చు. సూప్‌లో క్రీమ్ లేదా పాలు, చీజ్‌కేక్‌లో క్రీమ్ చీజ్, కాపుచినోలో మరో అరగ్లాసు పైగా పాలు. అన్నీ ఒకే పూట, గంటన్నరలో కడుపులో పడుతున్నాయి. పరిమితి ఎప్పుడో దాటిపోయింది.

మీ అమ్మగారు అనుమానించిన చీజ్ మాత్రం ఇందులో దాదాపు నిర్దోషి. పార్మిజాన్, చెడార్ లాంటి బాగా మగ్గిన చీజ్‌లలో లాక్టోజ్ నామమాత్రం. తయారీలో చాలాభాగం విరుగుడు నీళ్లతో పోతుంది, మిగిలింది మగ్గేటప్పుడు ఖర్చవుతుంది. పిజ్జా మీది మొజరెల్లాలోనూ తక్కువే. అసలు తప్పంతా సాస్‌ది, పేరు చెడింది చీజ్‌కి!

నా ఊహ సరైందో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందుగా ఒక విషయం గుర్తుచేసుకోండి: బిర్యానీ తర్వాత కుల్ఫీ గానీ, పెద్ద కప్పు ఐస్‌క్రీమ్ గానీ తిన్న రాత్రి ఎలా ఉండేది? తర్వాత, సెలవు రోజు పొద్దున పరగడుపున వెన్న తీసిన పాలు రెండు గ్లాసులు, సుమారు 400 మి.లీ., తాగి నాలుగైదు గంటలు ఇంకేమీ తినకుండా చూడండి. మరో సెలవు రోజు లాక్టోజ్ లేని పాలు అంతే మోతాదులో తాగండి. ఇవి ఇప్పుడు సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి. మొదటి రోజు ఇబ్బంది వచ్చి, రెండో రోజు రాకపోతే విషయం తేలినట్టే. తేలకపోతే పెద్ద గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ (ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష) చేస్తారు. కొద్దివారాల ముందు యాంటీబయోటిక్స్ వాడి ఉంటే ఆ సంగతి వాళ్లకు చెప్పాలి.

మీ కొలీగ్ మాట విని ఇప్పుడే గోధుమ మానేయొద్దు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు మన దగ్గర ఉత్తరాదితో పోలిస్తే అరుదు, కానీ లేకపోలేదు. దాన్ని పట్టుకునే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగా తెలుస్తుంది. ముందే మానేసి పరీక్షకు వస్తే అది ఉన్నా లేనట్టు చూపించొచ్చు. ఎన్ని ఐరన్ మాత్రలు వేసినా రక్తహీనత తగ్గకపోవడం లాంటిది మీకు ఉంటే ఆ పరీక్ష తప్పక చేయించండి.

గ్యాస్ మాత్ర సంగతి. మీరు అంటున్నది పాంటోప్రజోల్ లాంటిదైతే అది యాసిడ్‌ను తగ్గిస్తుందంతే, ఈ గ్యాస్‌తో దానికి సంబంధం లేదు. పనికొచ్చేవి లాక్టేజ్ ఎంజైమ్ మాత్రలు, మెడికల్ షాపులో అడగండి. పాల వంటకం మొదటి ముద్దతోపాటే వేసుకోవాలి. భోజనం చాలాసేపు సాగితే డెజర్ట్ దగ్గర మరోటి అవసరం కావచ్చు. ఇంటికొచ్చి కడుపు ఉబ్బాక వేసుకుంటే లాభం లేదు.

మెనూ దగ్గర కొంచెం తెలివి వాడితే మాత్ర అవసరమే రాకపోవచ్చు. టొమాటో సాస్ పాస్తా, ఆలివ్ నూనె-వెల్లుల్లితో చేసే పాస్తా, గ్రిల్ చేసిన చేప లేదా చికెన్ మీకు బాగానే ఉండాలి. రిసోటోకి (ఇటాలియన్ అన్నం వంటకం) అసలు పద్ధతిలో వెన్న, పార్మిజాన్ చాలు. కార్బొనారా పాస్తాకి గుడ్డు, చీజ్ చాలు. కానీ మన దగ్గర చాలా వంటగదుల్లో రెండింట్లోనూ క్రీమ్ పోసేస్తారు, అడిగి తెలుసుకోండి. లజాన్యా, బేక్డ్ వెజిటబుల్స్, మ్యాష్డ్ పొటాటో... ఇవన్నీ పాలు దాగున్న వంటకాలు. చివర్లో చీజ్‌కేక్ కావాలనిపిస్తే ఆ పూట వైట్ సాస్ వదిలేయండి, కాఫీ బ్లాక్ తాగండి. రెండిట్లో ఒకటి తింటే చాలామందికి ఏమీ కాదు. 2022 నుంచి పెద్ద చెయిన్ రెస్టారెంట్లు పాలు, గోధుమ, గుడ్డు లాంటి అలర్జీ సమాచారం మెనూలో చూపించాలన్న నిబంధన ఉంది. చిన్న చోట్ల సర్వర్‌ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కలుషితాహారం అన్న అనుమానం మీ విషయంలో నాకు లేదు. ఏడాదిగా, వేర్వేరు చోట్ల, మీకొక్కరికే ఒకేలా వస్తోంది కాబట్టి. అయినా పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్, టిరామిసు డెజర్ట్ విషయంలో జాగ్రత్త అవసరమే. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. జ్వరం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం కనిపిస్తే ఓఆర్‌ఎస్ తాగుతూ వెంటనే డాక్టర్‌ను కలవాలి. అలాంటప్పుడు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

పైన చెప్పినవేవీ లేకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపేంత విరేచనాలు అవుతున్నా, ఇంటి భోజనంతో కూడా ఇలాగే మొదలైనా ఆలస్యం చేయొద్దు. భోజనం తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చి వీపుకో, భుజానికో పాకితే అది పిత్తాశయంలో రాళ్ల లక్షణం కావచ్చు, అల్ట్రాసౌండ్ చేయించండి. ఇవేవీ లేకుంటే వచ్చే టీమ్ డిన్నర్‌కు నిశ్చింతగా వెళ్లండి. ఆ రోజు వైట్ సాస్ మానేసి, కాఫీ బ్లాక్ తాగి, మిగతావన్నీ ఎప్పటిలాగే తిని, ఏమైందో మళ్లీ రాయండి.