పిల్లల వార్డులో చూసిన గాయం మరిచిపోలేకపోతున్నా.. ఈ ఉద్యోగానికి పనికొస్తానా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. పోయిన నెల పిల్లల వార్డులో పోస్టింగ్ చేస్తుండగా కాళ్లు కాలిన రెండేళ్ల బాబును తెచ్చారు. వేడినీళ్ల బకెట్ మీద పడిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. కానీ రెండు పాదాలూ చీలమండల దాకా, సాక్సులు తొడిగినట్టు ఒకే గీతలో కాలాయి. అనుమానం వచ్చి స్టాఫ్ సిస్టర్‌కి చెబితే 'మనకెందుకమ్మా, పోలీస్ స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు' అన్నారు. మూడో రోజు డిశ్చార్జ్ చేసేశారు. అప్పటినుంచీ సరిగా నిద్ర లేదు. ఎమ్మెస్సీలో చైల్డ్ హెల్త్ నర్సింగ్ తీసుకోవాలని నా కోరిక. 'ఇంత మెత్తని మనసుతో ఆ వార్డులో నెగ్గుకురాలేవు' అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: అమ్మా, ముందు ఆ గీత సంగతి మాట్లాడుకుందాం. బకెట్ మీద పడితే నీళ్లు పైనుంచి కిందికి జారతాయి. పడిన చోట ఎక్కువ, పోనుపోను తక్కువ కాలుతుంది. చుట్టూ చుక్కలు చిందిన మచ్చలుంటాయి. పిల్లాడు తనంతట తాను వేడినీళ్లలో కాలు పెట్టినా వెంటనే లాక్కుంటాడు, గింజుకుంటాడు. గాయం అడ్డదిడ్డంగా ఉంటుంది. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో, చిందిన మచ్చ ఒక్కటీ లేకుండా కాలాయంటే, ఎవరైనా ఆ కాళ్లను నీళ్లలో అదిమిపట్టారేమోనని ఆలోచించి తీరాలి. ఇది రుజువు కాదు. కానీ చెప్పిన కథకీ ఒంటిమీది గాయానికీ పొంతన లేదని నువ్వు కనిపెట్టావు. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టర్, ఆయన సహచరులు ఒక వ్యాసంలో ఇదే విషయం గట్టిగా చెప్పాకే వైద్యలోకం దీన్ని పట్టించుకోవడం మొదలుపెట్టింది. నీకు నిద్ర పట్టకపోవడం మెత్తదనం వల్ల కాదు. నీ కన్ను సరిగ్గా పనిచేసింది, మాట మాత్రం చెల్లలేదు. ఆ బాధ అదీ.

ఈ కన్నుకి ఇంకాస్త పదును పెట్టుకోవాలి. ఇంకా పాకడం రాని పసిబిడ్డకు ఒళ్లు కమిలితే చిన్న విషయం కాదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మోకాళ్లు, నుదురు కమలడం మామూలే. చెవి, మెడ, పొట్ట, వీపు కమిలితే ఆగి చూడాలి. అలాగని ప్రతి మచ్చనీ అనుమానించకూడదు. మన పిల్లల్లో చాలామందికి నడుం కింద పుట్టుకతోనే నీలం మచ్చలుంటాయి. కామెర్లు తగ్గాలని నాటువైద్యుడి చేత వాతలు పెట్టించుకొచ్చే తల్లులూ ఉన్నారు. అదీ బిడ్డకు హానే. కానీ ఆ తల్లితో మాట్లాడే తీరు వేరేగా ఉండాలి.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు పిల్లల వార్డులో చేశాను. ఒకసారి మణికట్టు విరిగిన పన్నెండేళ్ల పిల్లను ఒకావిడ తీసుకొచ్చింది. 'మా బంధువుల అమ్మాయి' అంది. పిల్లకు పుట్టినరోజు ఎప్పుడంటే ఆవిడకు తెలియదు, ఊరు పేరు అడిగితే తడబడింది. బెంచీ ఖాళీగా ఉన్నా ఆ పిల్ల కూర్చోలేదు, ఆవిడ చెప్పేదాకా నిలబడే ఉంది. ఇంటిపనికి పెట్టుకున్నారని నాకు అర్థమైంది. పైవాళ్లకు చెప్పాను, కట్టు కట్టి పంపేశారు. నేనూ ఊరుకున్నాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది. ఇన్నేళ్లయినా ఆ పిల్ల నిలబడిన తీరు నా కళ్లముందే ఉంది. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకో, భయం సగం తగ్గుతుంది. లైంగిక నేరమైతే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, జరిగిందని తెలిసినా జరగొచ్చని భయం కలిగినా పోలీసులకు చెప్పాల్సిందే. డాక్టరైనా ఆయా అయినా మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మహారాష్ట్రలో హాస్టల్ పిల్లలపై అఘాయిత్యం తెలిసీ చెప్పలేదన్న డాక్టర్ మీది కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. కాన్పుల వార్డులో పదహారేళ్ల గర్భిణికి పద్దెనిమిది అని చీటీలో రాయించడం మన దగ్గర కొత్త కాదు. పద్దెనిమిది నిండని పిల్ల కాబట్టి అదీ ఈ చట్టం కిందికే వస్తుంది. ఆడపిల్లను పరీక్షించాలంటే లేడీ డాక్టరే చేయాలి, తల్లో తండ్రో నమ్మకమైనవాళ్లో పక్కన ఉండాలి. ఇక కొట్టడం, కాల్చడం లాంటి క్రూరత్వానికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. అలాంటి గాయం కనిపిస్తే డ్యూటీ డాక్టర్‌తో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) రాయించాలని అడగాలి.

వీటన్నిటిలో నర్సు చేతిలో ఉన్న పెద్ద ఆయుధం కేస్‌షీటు. 'తల్లి సరిగ్గా చూసుకోలేదు' అని రాయకు. తల్లి అన్న మాట అన్నట్టే రాయి. గాయం ఎక్కడ, ఎంత, ఏ ఆకారం, ఏ టైముకు చూశావో రాయి. బిడ్డను గుచ్చిగుచ్చి అడగకు, ఇంట్లోవాళ్లను నిలదీయకు. తేల్చడానికి వేరేవాళ్లున్నారు.

ఇక చదువు. చైల్డ్ హెల్త్ నర్సింగ్ తీసుకో, మానొద్దు. ఎమ్మెస్సీకి ముందు కనీసం ఏడాది అనుభవం కావాలి కాబట్టి, ఆ ఏడాది పెద్ద పిల్లల ఆస్పత్రిలో, వీలైతే అత్యవసర విభాగంలో చెయ్యి. మీ కొత్త సిలబస్‌లో ఐదో సెమిస్టర్‌లో ఉన్న ఫోరెన్సిక్ నర్సింగ్ పేపర్‌ను పరీక్ష కోసమే చదివి ఉంటే మళ్లీ తెరువు. బాలల రక్షణ నర్సు అనే పేరుతో ఇక్కడ పోస్టు దొరకడం కష్టం. బ్రిటన్‌లో ఆ బాధ్యతకంటూ ఆస్పత్రుల్లో ప్రత్యేకంగా నర్సులుంటారు. అక్కడికి వెళ్లాలనుకుంటే ఈ అనుభవం పనికొస్తుంది. ఇక్కడే ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, హింసకు గురైన ఆడవాళ్లకు అండగా నిలిచే సఖి కేంద్రాలు, తెలంగాణలో ఆడవాళ్లకు, పిల్లలకు అలాంటి సాయమే చేసే భరోసా కేంద్రాలు ఉన్నాయి. వాటి పని తీరు ఒకసారి వెళ్లి చూసిరా. నాన్నగారికి ఈ ఉత్తరం చూపించు. ఆయన భయం నీమీద ప్రేమతోనే. కానీ వేరే వార్డుకు మారినా ఇలాంటి బిడ్డలు అక్కడికీ వస్తారని ఆయనకు తెలియాలి.

ఆ బాబు సంగతి ఇంకా తెమలలేదు. అడ్రస్ కేస్‌షీటులో ఉంటుంది, దాన్ని నువ్వు బయటికి తీసుకురావద్దు. రేపు మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కకు పిలిచి, చూసింది చూసినట్టు చెప్పి, ఆస్పత్రి తరఫున సమాచారం ఇవ్వమని అడుగు. ఆవిడా 'మనకెందుకు' అంటే 1098కి నువ్వే ఫోన్ చెయ్యి. డబ్బులేమీ పడవు, రాత్రయినా ఎత్తుతారు, రుజువు తెమ్మని అడగరు. నెల గడిచింది కదా అని ఆగకు. ఆ బాబు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు.