ఒకే వానకు ఒకసారి మామూలుగా, ఇంకోసారి వరదగా: నది ఎందుకిలా ప్రవర్తిస్తుంది?

మీరు అడిగినవి రెండు. అదే 50 మిల్లీమీటర్ల వానకు మొదటిసారి నీటిమట్టం కాస్తే పెరిగి, రెండోసారి వరద ఎందుకొచ్చింది? వాన ఆగిపోయాక కూడా నీళ్లు ఎందుకు పెరుగుతూ పోయాయి? వాన లెక్కలు, నదుల ప్రవాహం లెక్కలు పక్కపక్కన పెట్టి గ్రాఫులు గీయడం చాలాకాలంగా నా పని. అందులో చూసిందే చెబుతాను.

చదరపు కిలోమీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీళ్లు. అదే 200 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం (వాన నీళ్లన్నీ ఆ నదిలోకే దిగే నేల) మీద 50 మిల్లీమీటర్లంటే కోటి ఘనపు మీటర్లు. ఇందులో నది దాకా వచ్చేది ఎంత? నేల బాగా ఎండి ఉంటే పదో వంతు కూడా రాకపోవచ్చు. ముందే నానిపోయి ఉంటే సగం వరకూ రావచ్చు. అందుకే నేను ఏ వరద గ్రాఫు పట్టుకున్నా మొదట చూసేది వాన మొదలవడానికి ముందు నదిలో ఎంత ప్రవాహం ఉందని. నేల ఎంత తడిగా ఉందో ఆ ఒక్క అంకే చాలావరకు చెప్పేస్తుంది. వాన సూచన ఒక్కటే చూసి టెన్షన్ పడేవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు.

వాన తీవ్రత నేల ఇంకించుకునే వేగాన్ని మించితే నీళ్లు పైనే పారతాయని 1933లో అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హోర్టన్ వివరించాడు. గట్టిపడిన నేల, కాంక్రీటు ఉన్నచోట అది బాగా కుదురుతుంది. అడవులు, గడ్డినేలల్లో మాత్రం వేరు. అక్కడ ముందుగా నిండేది వాగు పక్కన ఉన్న పల్లపు నేల. వాన సాగేకొద్దీ ఆ నిండిన మేర విస్తరిస్తుంది. కాబట్టి చివర్లో పడిన 10 మిల్లీమీటర్లు, మొదట్లో పడిన 10 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని నదికి పంపగలవు.

ఇక్కడో విచిత్రం ఉంది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నీటిలోని ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) పరీక్షిస్తే, ఎన్నో చిన్న పరీవాహకాల్లో వరద నీటిలో ఎక్కువ భాగం ఆ రోజు వాన కాదని, అంతకుముందే నేలలో ఉన్న పాత నీరని తేలింది. నీళ్లు నిండి ఉన్న గొట్టంలోకి ఒక చివర కొత్త నీళ్లు తోస్తే రెండో చివర పాతవే బయటికొస్తాయి కదా, దాదాపు అలాగే.

రెండో ప్రశ్నకు జవాబు దూరంలో ఉంది. దగ్గరి నీళ్లు ముందొస్తాయి, ఎగువవి ఆలస్యంగా వస్తాయి. ఉపనదులన్నీ ఒకేసారి కలిసే విసనకర్ర ఆకారపు పరీవాహకంలో వరద ఎత్తుగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది. పొడవాటి దాంట్లో అదే నీరు ఎక్కువసేపు సాగుతుంది. ఈ ఆలస్యాన్ని లెక్కగట్టడానికే 1932లో అమెరికా ఇంజనీరు షెర్మన్ యూనిట్ హైడ్రోగ్రాఫ్ పద్ధతి తెచ్చాడు: ఒక ప్రమాణం వానకు ప్రవాహం ఎలా పెరిగి తగ్గుతుందో తెలిస్తే, రెట్టింపు వానకు ప్రవాహమూ రెట్టింపు. ఇంకగా మిగిలిన వానకే ఈ లెక్క వర్తిస్తుంది. ఆ మిగులు ఎంతో తేల్చడమే కష్టం.

మీరు సొంతంగా చూడాలనుకుంటే ప్రవాహం తగ్గే భాగాన్ని లాగ్ స్కేలు (1, 10, 100 సమాన దూరాల్లో ఉండే కొలత) మీద గీయండి. మొదట నిటారుగా దిగి, తర్వాత దాదాపు సరళరేఖలా సాగుతుంది. ఆ రెండో భాగం భూగర్భం నుంచి వచ్చే ఊట. రేఖ ఎంత నిటారుగా దిగితే ఆ నేలలో నిల్వ అంత త్వరగా ఖాళీ అవుతున్నట్టు. గంటవారీ లెక్కలే తీసుకోండి. రోజువారీ సగటులో చిన్న వాగు వరద కనబడనే కనబడదు.