కన్వాల్వ్యులేసిఈ: నోరు తిరగాలంటే

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి రమణకి,

తూటికూర, చిలగడదుంపల కుటుంబం కన్వాల్వ్యులేసిఈ (Convolvulaceae) మీద సెమినార్ ఇవ్వాలని, ఆ పేరు దగ్గరే నాలుక మడతపడుతోందని రాశావు. తప్పు మాట పొడుగుది కాదురా, మనం రాసుకునే తీరుది. తెలుగులో వత్తులు పెట్టి రాస్తే క-న్వా-ల్వ్యు అని తెగుతుంది. లాటిన్‌లో అలా తెగదు. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే తర్వాతి అచ్చుతో పోతుంది. రెండుంటే చెరో పక్కకి. అందుకని నోట్సులో వత్తు మానేసి పొల్లు రాయి: కన్-వాల్-వ్యు-లే-సి-ఈ. ఆరు ముక్కలు. (వ్యులోని యకారం స్పెల్లింగులో లేదు, ఇంగ్లీషు వాళ్ల యాస.) గకారం లాంటి హల్లు తర్వాత ర, ల వస్తే మాత్రం జంట విడదీయకూడదు. నెమలినార పేరులో ఇంటెగ్రిఫోలియా ఉంది చూడు, అది ఇన్-టె-గ్రి-ఫో-లి-ఆ.

ఒడియా లిపిలో అసలు రాసుకోకు. ఓటుని భోట్ అన్నట్టు అక్కడ ఇంగ్లీషు వకారానికి భ వాడతారు, పొల్లు గుర్తు తరచు వదిలేస్తారు. చూసి చదివితే క-న-భ-ల-భు-లే-సి అవుతుంది. మధ్యలో లేని అచ్చులు చేరాయి, చివర ఉండాల్సిన ఈ పోయింది.

ఆ చివరి ఈ కాలేజీల్లోనూ మింగేస్తారు, "లేసీ" అని. స్పెల్లింగు చివర ఇ, ఎ, ఇ (e, a, e) అని మూడు రోమన్ అక్షరాలున్నాయి కదా. మొదటి ఇ విడిగా ఒక అచ్చు, మిగతా రెండూ కలిసి ఇంకొకటి.

ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, ఎక్కడ? పద్యానికి గణాలు కట్టిన నీకు ఇది తేలిక. చివరి నుంచి రెండో ముక్క గురువైతే దాని మీద, లఘువైతే దాని వెనక ముక్క మీద. ఇక్కడ సి లఘువు, కాబట్టి "లే" నొక్కు. సాలుచెట్టు పేరులోని రొ-బస్-టాలో బస్ గురువు, అక్కడే నొక్కు. చిక్కుళ్ల కుటుంబం లెగ్యుమినోసీలో నో, కొత్తిమీర కుటుంబం అంబెల్లిఫెరీలో ఫె లఘువు గనక లి. చిక్కల్లా, దీర్ఘమో హ్రస్వమో స్పెల్లింగు చెప్పదు. ప్రత్యయాలు కంఠస్థం చెయ్యాల్సిందే: ఓసా, ఆటా, ఆలిస్ దీర్ఘాలు, ఇఫెరా, ఉలా హ్రస్వాలు, ఇకా కూడా దాదాపు ఎప్పుడూ హ్రస్వమే.

సాధన వెనక నుంచి చెయ్యి: సి-ఈ, లే-సి-ఈ, వ్యు-లే-సి-ఈ. ముందు నుంచి మొదలెడితే తోకకి వచ్చేసరికి ఊపిరి అయిపోయి, మింగేసేది దాన్నే.

పాత రోమన్ పద్ధతి వాళ్లు ఇదే పేరుని కొన్-వొల్-వు-లా-కె-ఐ అంటారు. అదీ తప్పు కాదు. వృక్షనామాల అంతర్జాతీయ నియమావళి స్పెల్లింగునే కట్టడి చేస్తుంది, ఉచ్చారణని కాదు. మీ లెక్చరర్ ఏది వాడితే అదే పట్టుకో, రెండూ కలపకు.

తూటికూర పేరు కూడా చూసుకో: ఐ-పొ-మీ-ఆ, నాలుగే ముక్కలు, ఊనిక మీ మీద. దాని రెండో మాట ఆ-క్వా-టి-కాలో క్వా మీద.

ఆశీస్సులతో,
పెదనాన్న