ఎంఆర్‌ఐలో తెల్లమచ్చ ఉంటే చెయ్యి మళ్లీ బాగవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, నడకలో తూలుతున్నారు. మెడ ఎంఆర్‌ఐలో వెన్నుపాము నొక్కుకుపోయి తెల్లమచ్చ ఉందన్నారు. ఆపరేషన్‌తో కోలుకుంటారా?
– ఓ పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మచ్చ చూసి బెంబేలు పడకండమ్మా. ఎంఆర్‌ఐలో టీ1, టీ2 అని రెండు రకాల చిత్రాలు తీస్తారు. టీ2 చిత్రంలో మసగ్గా ఉన్న తెలుపు వట్టి వాపే కావచ్చు; ఒత్తిడి తీసేశాక తగ్గనూవచ్చు. అదే చోట టీ1లో నల్లగా కనిపిస్తేనే నాకు బెంగ, అక్కడ కణజాలం బాగా దెబ్బతిని ఉండొచ్చు. రిపోర్టులో టీ1 ఊసు లేదా? రేడియాలజిస్టును అడగండి, మొహమాటం దేనికి! నరాల పోగుల వెంట నీటి కదలికను కొలిచే డిటిఐ స్కాన్ ఇంకా చాలావరకు పరిశోధనల్లోనే ఉంది. దానికోసం ఆపరేషన్ వాయిదా వేయొద్దు. లక్షణాలు మొదలై ఎన్నాళ్లయింది, నడక ఎంత చెడిందన్నవీ ముఖ్యమే. చేతుల పని, నడక వంటివి చూసి వెన్నుపాము జబ్బుకు మార్కులేసే పద్ధతి ఎంజేఓఏ; అందులో 18కి 11 లేదా అంతకన్నా తక్కువొస్తే తీవ్రమని లెక్క. ఆయనకు సిగరెట్ అలవాటుంటే ఇవాళే మాన్పించండి.